దెయ్యాల ఫైలు: మా పరిశీలన బృందం నేర్చుకున్న పాఠాలు

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నా ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసిందంతా చెప్పారు. ఆ తర్వాత దెయ్యాల గురించి చెప్పమని నన్ను నిలబెట్టారు. వరుస బాగానే కుదిరింది. బకాయిలకీ దెయ్యాలకీ ఒక పోలిక ఉంది. రెండింటి గురించీ అందరూ మాట్లాడతారు, కళ్లారా చూసినవాళ్లు మాత్రం దొరకరు.

నేను రెవెన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరి, సీనియర్ అసిస్టెంటుగా 2009లో రిటైరయ్యాను. పొద్దున్నే మునిసిపల్ పార్కులో నాలుగు చుట్లు నడిచి, బెంచీమీద కూర్చునే అలవాటు ఉన్న ఐదుగురం కలిసి 2014లో ఈ పనిలో పడ్డాం. విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసినాయన ఒకరు, హైస్కూల్లో సైన్సు చెప్పిన మాస్టారు ఒకరు, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసినాయన ఒకరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ విజిటరుగా పనిచేసిన సోదరి ఒకరు, అయిదోవాణ్ణి నేను. ఆ సోదరిని అందరం సిస్టరుగారనే పిలుస్తాం.

మా మొదటి కేసు ఒక పెన్షనరు మిత్రుడి మేడ. పై వాటా ఖాళీగా ఉంది. రాత్రిపూట అక్కడెవరో గురక పెడుతున్నారని పుకారు పుట్టి, అద్దెకు ఎవరూ రావడం లేదు. కాంపౌండరుగారు సాయంత్రం దాకా కూర్చుని విని, నిచ్చెన వేయించి వెంటిలేటరు వెనక చూస్తే తెల్ల గుడ్లగూబ పిల్లలు! తల్లి ఎలుకను తెచ్చేదాకా అవి పెట్టే బుస, మనిషి గురకకు ఏ మాత్రం తీసిపోదు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగి, ఆ కన్నానికి జాలీ కొట్టించాం. ఆ నెలలోనే అద్దెకు మనుషులు వచ్చారు. ఆ కబురు ఊరంతా పాకి, "మా ఇంటికీ ఒకసారి రండి" అనేవాళ్లు మొదలయ్యారు. ఇప్పటికి మా రిజిస్టరులో నలభై పైచిలుకు నమోదులు ఉన్నాయి. మాకు పేరు లేదు, బోర్డు లేదు, చందా లేదు. ఒక రిజిస్టరు, రెండు టార్చిలైట్లు, ఒక టెస్టరు, ఒక కొలత టేపు, మాస్టారి దగ్గర పావుకిలో ముగ్గుపిండి. ఇదీ మా ఆస్తి.

ఈ పని మాతోనే మొదలైందని ఎవరూ అనుకోవద్దు. బల్లమీద నలుగురు చేతులు పెడితే ఆత్మ వచ్చి బల్లను తిప్పుతుందని ఇంగ్లండులో వెర్రి ముదిరినప్పుడు, విద్యుత్తు చదువులో మనందరికీ పాఠమైన మైకేల్ ఫారడే 1853లో దాన్ని పరీక్షించాడు. చేతుల కింద అట్టముక్కలు, మధ్యలో గుండ్రటి కడ్డీలు పెట్టి, ముందు కదిలేది చేయా, బల్లా అని చూశాడు. చేతులే ముందు కదులుతున్నాయని తేలింది. కూర్చున్నవాళ్లు మోసగాళ్లు కారు. తాము తోస్తున్నామని వాళ్లకే తెలియదు. 1882లో లండన్‌లో పెద్ద పెద్ద విద్వాంసులు ఇటువంటి విషయాల పరిశోధనకే ఒక సంఘం పెట్టారు. అది ఈనాటికీ ఉంది. మన వైపు చూస్తే, కేరళలో పుట్టి శ్రీలంకలో వృక్షశాస్త్రం బోధించిన అబ్రహాం కోవూరు, తన పరీక్షలకు నిలబడి మహిమ చూపినవారికి లక్ష రూపాయలు ఇస్తానని ప్రకటించాడు. 1978లో ఆయన పోయేదాకా ఆ లక్ష ఎవరూ తీసుకోలేదు. 1976లో బెంగుళూరు విశ్వవిద్యాలయ వైస్ చాన్సలరు హెచ్. నరసింహయ్యగారు మహిమల పరిశీలనకు ఒక కమిటీ వేశారు. మన దగ్గర విజయవాడ నాస్తిక కేంద్రం వారూ, జన విజ్ఞాన వేదిక వారూ ఊరూరా తిరిగి ప్రదర్శనలు ఇచ్చినవారే. పసుపునీళ్లలో సున్నం వేస్తే ఎర్రగా మారుతుందని మన ఇళ్లలో ఆడవాళ్లందరికీ తెలుసు, దానికి హారతి నీళ్లని పేరు. అదే నీళ్లను మంత్రగాడు చూపిస్తే రక్తం అంటాం.

వాళ్లంతా మహానుభావులు. మేము పింఛను డబ్బుతో పాలపాకెట్టు కొనుక్కునేవాళ్లం. మాకు చేతనైంది మా ఉద్యోగాలు మాకు నేర్పిన పని. ఆ పనిలో తేలిన పాఠాలు చెప్పడానికే ఇవాళ నిలబడ్డాను.

మొదటి పాఠం, కాగితం. ఆఫీసులో ఏ అర్జీ వచ్చినా ముందు తపాల్ రిజిస్టరులో ఎక్కాలి, తేదీ పడాలి. దెయ్యం అర్జీ అయినా అంతే. మా రిజిస్టరులో మూడు కాలములు ఉంటాయి. స్వయంగా చూసింది, విన్నది ఒకటి. ఒకరు చెప్పగా తెలిసింది రెండు. దాన్నిబట్టి అనుకున్నది మూడు. అర్జీదారు చెప్పేదాన్ని ఈ మూడింటిలోకి విడగొట్టి రాస్తాం. "రాత్రి తెల్లచీర కట్టుకున్న ఆవిడ బావి దగ్గర నిలబడిందండీ" అంటారు. మీరు చూశారా అంటే మా తోడికోడలు చూసింది అంటారు. తోడికోడల్ని అడిగితే, తెల్లగా ఏదో కదిలింది, పాలేరు అది ఆడమనిషే అన్నాడు అంటుంది. మొదటి కాలములో మిగిలేది "తెల్లగా ఏదో కదిలింది" అన్న ముక్క ఒక్కటే. మిగతాదంతా రెండూ మూడూ కాలముల్లోకి పోతుంది. రాసింది వారికి చదివి వినిపించి సంతకం తీసుకుంటాం. చాలామందికి చదివి వినిపించేసరికే సగం భయం దిగిపోతుంది.

కాలంతో పాటు గంట కూడా రాయమంటాం. వారం రోజులు మీరే రాయండి, ఏ గంటకు చప్పుడైందో, అప్పుడు ఇంట్లో ఎవరెవరు ఉన్నారో, కరెంటు ఉందో లేదో, వాన పడిందో లేదో. ఆ వారం కాగితం మాకు సగం పని చేసిపెడుతుంది. ఒక ఇంట్లో రోజూ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో కాలింగ్ బెల్ మోగేది, తలుపు తీస్తే ఎవరూ ఉండరు. ఆ ఇంటి పెద్దాయన పోయి నెలైంది కాబట్టి ఆయనే వస్తున్నాడన్నారు. వారం రాయించి చూస్తే ఆదివారం మోగడం లేదు. లైన్ ఇన్‌స్పెక్టరుగారు ఆ వీధిలో విచారిస్తే, ఎదురు వరసలో కొత్తగా దిగినవాళ్లది కూడా అదే రకం వైరు లేని బెల్లు. ఆ ఇంటి కుర్రాడు దుకాణం కట్టేసి తొమ్మిదిన్నరకు వచ్చి తన బెల్లు నొక్కుతాడు, ఇక్కడ కూడా మోగుతుంది. ఆదివారం దుకాణానికి సెలవు.

రెండో పాఠం, ముందు పగలు వెళ్లాలి. సినిమాల్లోలాగా అమావాస్య అర్ధరాత్రి వెళితే మన గుండె చప్పుడే మనకు వినబడుతుంది. పగలు వెళ్లి ఇంటిని ఇల్లుగా చూడాలి. రేకుల కప్పు ఎండకు సాగుతుంది, రాత్రి చల్లబడేటప్పుడు టపటపమంటుంది. నీళ్ల గొట్టంలో ప్రవాహం ఒక్కసారి ఆగితే గోడలో సుత్తితో కొట్టినట్టు దెబ్బ వినబడుతుంది. పెంకుటింటి అటకమీద మానుపిల్లి తిరిగితే అచ్చం మనిషి నడిచినట్టే ఉంటుంది. పునాది కింద పందికొక్కు తవ్వుతుంది. మాస్టారి ముగ్గుపిండి అక్కడే పనికొస్తుంది. సాయంత్రం నేలమీద పలచగా చల్లి తలుపు మూసి, తెల్లారి చూస్తే వచ్చినవాళ్ల పాదాలు పడి ఉంటాయి. ఇంతవరకు పడినవన్నీ నాలుగు కాళ్లవే. దెయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు గాని, ఆ నమూనా మా ఫైలుకు ఇంకా అందలేదు.

మూడో పాఠం యంత్రాల గురించి. టీవీల్లో చూసి మనవళ్లు అడుగుతుంటారు, తాతగారూ మీ దగ్గర మీటరు లేదా అని. గోడ దగ్గర పెడితే లైటు వెలిగే ఆ మీటరు చెప్పేది గోడలో కరెంటు వైరు ఉందని. లైన్ ఇన్‌స్పెక్టరుగారు అది చూసి, "దీనికంటే నా టెస్టరు నయం, బ్యాటరీ కూడా అక్కర్లేదు" అన్నారు. కాని యంత్రం వల్ల మనిషికి భయం పుట్టడం మాత్రం నిజంగా జరగవచ్చు. ఇంగ్లండులో విక్ టాండీ అనే ఇంజనీరు పనిచేసే ప్రయోగశాలలో అందరికీ ఏదో గుబులు. ఒకరోజు ఆయనకే కంటి చివర బూడిదరంగు ఆకారం కనబడింది. మర్నాడు కత్తిసాము పోటీకి బాగుచేసుకుందామని బిగించిన కత్తి దానంతటదే వణకడం చూసి, వెతికితే కొత్తగా బిగించిన గాలి ఫ్యాను దొరికింది. సెకనుకు సుమారు 19 కంపనాలు, చెవికి వినబడనంత తక్కువ ధ్వని. ఫ్యాను బిగింపు మార్చగానే గుబులు పోయింది. ఇందాక చెప్పిన లండన్ సంఘం పత్రికలోనే 1998లో ఆ వివరం అచ్చయింది. అన్ని దెయ్యాలకూ అదే కారణమని చెప్పలేం. తర్వాత చేసిన పరీక్షలన్నీ ఒకే మాట చెప్పలేదు. కాని మేము ఎక్కడికి వెళ్లినా "ఇది మొదలైన రోజుల్లో ఇంట్లో కొత్తగా ఏం వచ్చింది?" అని తప్పక అడుగుతాం. ఫ్యాను కావచ్చు, మోటారు కావచ్చు, కొత్త మందుబిళ్ల కావచ్చు.

మందుబిళ్ల అన్నాను కనుక నాలుగో పాఠానికి వస్తాను. ఇది మన వయసువాళ్లందరూ, మన పిల్లలూ శ్రద్ధగా వినవలసింది. అర్జీదారు ఒంట్లో ఎలా ఉందో అడగకుండా అటకమీద వెతకకూడదు. దీనికి సిస్టరుగారే మాకు గురువు.

కంటిచూపు బాగా తగ్గిన పెద్దవాళ్లలో కొందరికి లేని మనుషులు కనబడతారు. గదిలో పిల్లలు ఆడుతున్నట్టు, రంగురంగుల బట్టలవాళ్లు వరసగా వెళుతున్నట్టు స్పష్టంగా కనబడతారు, మాట్లాడరు. స్విట్జర్లాండుకు చెందిన చార్లెస్ బోనే అనే శాస్త్రజ్ఞుడు 1760లోనే తన తాతగారికి ఇలా కనబడడం గురించి రాశాడు. తొంభైకి దగ్గరపడిన ఆ తాతగారి చూపు బాగా దెబ్బతింది. మనుషులు, పక్షులు, బండ్లు, మేడలు కనబడేవి. అవి నిజం కావని ఆయనకు తెలుసు, బుద్ధి నిక్షేపంగా ఉంది. ఆ శాస్త్రజ్ఞుడి పేరే ఇప్పుడు ఆ స్థితికి పెట్టారు. చూపు అందకపోయేసరికి మెదడు తనంతట తానే బొమ్మలు కల్పించుకుంటుందని వైద్యులు చెబుతారు. మా ఫైలులో ఇటువంటిది ఒకటి ఉంది. ఎనభై దాటిన ఒక అమ్మగారు, మూలగదిలో చిన్నపిల్లలు కూర్చుంటున్నారని కోడలితో ఒక్కసారి అని, కోడలు హడలిపోవడం చూసి మళ్లీ నోరెత్తలేదు. పిచ్చి అంటారేమో, గాలి సోకిందంటారేమో అని ఆమె భయం. సిస్టరుగారు దగ్గర కూర్చుని, "పిల్లలు ఏ రంగు గౌన్లు వేసుకున్నారమ్మా?" అని మామూలుగా అడిగేసరికి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని అంతా చెప్పింది. కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాం. శుక్లం తీశాక కనబడడం బాగా తగ్గింది. అప్పుడప్పుడు కనబడినా ఇప్పుడు ఆమెకు భయం లేదు, "ఇవాళ మీ పిల్లలు రాలేదేం అత్తయ్యగారూ" అని కోడలే నవ్వుతుంది.

నిద్రలో మెలకువ వచ్చి ఒళ్లు కదలక, గుండెలమీద ఎవరో కూర్చున్నట్టు ఉండడం మరొకటి. మెదడు మేల్కొని, కండరాలు ఇంకా నిద్రలోనే ఉన్న ఒకటి రెండు నిమిషాల స్థితి అది. నిద్ర సరిగా లేనివాళ్లకూ, వెల్లకిలా పడుకునేవాళ్లకూ ఎక్కువగా వస్తుంది. ఉన్నట్టుండి రెండు రోజుల్లో పెద్దాయన మాట తీరు మారిపోయి, లేనివాళ్లతో మాట్లాడుతుంటే వేపమండల కోసం పరిగెత్తకండి, ఆసుపత్రికి పరిగెత్తండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా మన వయసులో అలా చేస్తుంది. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొకటి గాలి. 1921లో అమెరికాలో ఒక కంటి వైద్యుడు ఒక కుటుంబం కథ ప్రచురించాడు. పాత ఇంట్లో దిగినప్పటి నుంచి తలనొప్పులు, అడుగుల చప్పుళ్లు, మంచం పక్కన ఆకారాలు, కుండీల్లో మొక్కలు కూడా వాడిపోవడం. చూస్తే ఇల్లు వెచ్చబెట్టే కొలిమి చెడిపోయి కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి వస్తోంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మనకు ఆ కొలిములు లేవు గాని, చలికాలంలో తలుపులు బిగించి పెట్టుకునే బొగ్గుల కుంపటి ఉంది, కిటికీ లేని స్నానాలగదిలో గ్యాస్ గీజరు ఉంది, వరండాలో జనరేటరు ఉంది. "ఆ గదిలోకి వెళితే తల తిరుగుతుందండీ, ఏదో ఉంది" అని ఎవరైనా అంటే, అవును, ఏదో ఉండవచ్చు. ముందు కిటికీ తీయండి, మెకానిక్‌ని పిలవండి.

ఈ పాఠంలోనే చివరి మాట. మన సంఘంలో ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే అక్కచెల్లెళ్లు చాలామంది ఉన్నారు. 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రీస్ అనే వైద్యుడు ఒక పరిశీలన ప్రచురించాడు. వేల్స్ ప్రాంతంలో జీవిత భాగస్వామిని పోగొట్టుకున్న 293 మందిని ఆయన కలిసి అడిగితే, ఇంచుమించు సగంమంది పోయిన మనిషి దగ్గరే ఉన్నట్టు అనిపించడమో, కనబడడమో, మాట వినబడడమో జరిగిందని చెప్పారు. వారిలో ఎక్కువమంది అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. ఎక్కువమందికి అది ఊరటగానే ఉంది. మా ఫైలులో ఒక సోదరికి, భర్త పోయిన నాలుగో నెలలో, సాయంత్రం ఆరింటికి గేటు తీసిన చప్పుడూ, ఆయన దగ్గూ వినబడేవి. పిల్లలు భయపడి మంత్రగాణ్ణి మాట్లాడారు, ఇల్లు అమ్మేద్దామన్నారు. సిస్టరుగారు మూడు సాయంత్రాలు ఆమెతో కూర్చున్నారు. ఆమె అన్నమాట ఇది: "నాకు భయమేం లేదమ్మా. నలభై ఏళ్లు ఆరింటికి గేటు చప్పుడైంది, నా చెవి ఇంకా మానలేదు. పిల్లలే భయపడుతున్నారు." మా నోటు షీటులో ఏం రాశామంటే, పరిహారం అక్కర్లేదు, ఇల్లు అమ్మక్కర్లేదు, సాయంత్రం ఆరింటికి ఎవరో ఒకరు ఆమెకు ఫోను చేయవలెను. ఇప్పటికీ చేస్తున్నారు.

అయిదో పాఠం అన్నింటికంటే బరువైనది. దెయ్యం కథ ఎక్కడ మొదలైనా, చివరికి అది ఒక మనిషి మీదకు వెళ్లి ఆగుతుంది. ఎక్కువగా ఒంటరి ముసలమ్మ, వితంతువు, కొత్తగా వచ్చిన కోడలు, బీదవాడు. మెదక్ వైపు బాణామతి అన్నా, మన వైపు చేతబడి, చిల్లంగి అన్నా, ఆ పేరు మీద మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనందరం పేపర్లలో చదివినవే. మహారాష్ట్రలో ఇటువంటి వాటిపై చట్టం కోసం ఏళ్ల తరబడి పాటుపడిన నరేంద్ర దాభోల్కర్‌గారిని 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆ ఏడాదే అక్కడ ఆ చట్టం వచ్చింది. కాబట్టి ఇది పొద్దుపోని పని కాదు.

ఒక కేసు చెబుతాను, ఊరూ ఇంటి గుర్తులూ మార్చి చెబుతున్నాను. ఒక పల్లెలో పెంకుటింటి మీద సాయంత్రాలు రాళ్లు పడుతున్నాయి. పదకొండు రోజులుగా పడుతున్నాయి. పెంకులు పగిలాయి. వెనక పాకలో విస్తళ్లు కుట్టుకుని బతికే ఒక ముసలమ్మ ఉంది. ఆమెతో ఆ ఇంటివాళ్లకు దారి తగాదా. చేతబడి ఆమెదేనని నిర్ణయం అయిపోయింది. అమావాస్యనాడు భూతవైద్యుణ్ణి పిలవాలి, ఆమెచేత ఒప్పించాలి. ఎలా ఒప్పిస్తారో మీరు ఊహించుకోవచ్చు. అమావాస్య ఇంకా నాలుగు రోజులుందనగా మాకు కబురొచ్చింది.

మాస్టారు పడిన రాళ్లన్నీ పోగు చేయించారు. అన్నీ ఒకే రకం కంకర. ఇంటి పక్కన రోడ్డు పనికి దింపిన కుప్ప ఉంది. చీకటి పడకముందే, ఎవరికీ చెప్పకుండా ఆ కుప్పమీది రాళ్లకు సున్నపు చుక్కలు పెట్టారు. నేను గంటల పట్టిక వేశాను. ఏ రోజు, ఏ గంటకు, ఎవరు ఎక్కడ. ఆ సాయంత్రం కాంపౌండరుగారు ముసలమ్మ పాక ముందు నులకమంచం మీద కూర్చుని ఆమెతోనే మాట్లాడుతున్నారు. రెండు రాళ్లు పడ్డాయి. రెండింటికీ సున్నపు చుక్కలు ఉన్నాయి. ఊరి పెద్దల్ని పిలిచి రెండు ముక్కలు చెప్పాం. రాళ్లు ఈ కుప్పలోవే, వేసింది మనిషి చేయి. ముసలమ్మ చేయి మాత్రం కాదు, ఆ సమయంలో మా మనిషి ఎదుటే ఉంది. ఆ రాత్రే కుప్పను ఊరి బయటికి తోలించాం. పెద్దలు ఒప్పుకున్నారు. అమావాస్య మామూలుగా గడిచిపోయింది.

చేయి ఎవరిదన్నది పట్టిక చూస్తేనే తెలిసిపోయింది. ఆ ఇంట్లో పదమూడేళ్ల ఆడపిల్ల ఉంది. ఎనిమిదో తరగతితో బడి మాన్పించారు. మేనమామకిచ్చి చేయాలని మాటలు నడుస్తున్నాయి. దెయ్యం పట్టిన ఇంటికి పెళ్లిమాటలకు ఎవరు వస్తారు? ఆ పిల్లకు తోచిన దారి అది. ముసలమ్మ మీదకు పోతుందని ఆ వయసుకు తట్టలేదు. సిస్టరుగారు దొడ్లో కూర్చుని మాట్లాడితే ఏడుస్తూ చెప్పింది. ఇప్పుడు ఆ పేరు బయటపెడితే ఏమవుతుంది? ముసలమ్మకు సిద్ధమైన దెబ్బలు ఆ పిల్లకు మారతాయి. మేము ఐదుగురం పార్కు బెంచీమీద ఒక పూటంతా వాదించుకున్నాం. నిజం దాచడం పరిశీలన ఎలా అవుతుందని మాస్టారు. మన పని రాళ్లు ఆపడం, ముసలమ్మను కాపాడడం, ఆ రెండూ అయ్యాయని సిస్టరుగారు. చివరికి సిస్టరుగారి మాటే నిలిచింది. తర్వాత ఆవిడా మాస్టారూ నెల రోజులు ఆ తండ్రి దగ్గరికి తిరిగారు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే 2006 నాటి చట్టం ఏమంటుందో చెప్పారు, హైస్కూలు హెడ్‌మాస్టరుతో మాట్లాడారు. ఆ పిల్ల తొమ్మిదిలో చేరింది.

ముప్ఫై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఏ కాలమూ ఖాళీగా వదిలితే సూపరింటెండెంటు వెనక్కి విసిరేవాడు. ఆ ఫైలులో మాత్రం "కారణము: మనిషి చేయి" అని రాసి, "పేరు" అన్న కాలములో ఒక అడ్డగీత గీసి సంతకం పెట్టాను. అప్పటి నుంచి మా బృందానికి అదే నిబంధన. మేము వెళ్లి వచ్చాక ఆ ఇంట్లోగాని, పక్కింట్లోగాని ఎవరికీ కొత్తగా బాధ మొదలు కాకూడదు. అదయ్యాకే తక్కినవన్నీ.

ఆరో పాఠం, హద్దులు. పిలిస్తేనే వెళ్లాలి. ఇంటి పెద్దల అనుమతి లేనిదే గుమ్మం దాటకూడదు. ఇద్దరికి తక్కువ వెళ్లకూడదు, ఆడవాళ్లతో సిస్టరుగారే మాట్లాడాలి. కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోకూడదు. డబ్బు పుచ్చుకుంటే భూతవైద్యుడికీ మనకూ తేడా రేటులోనే ఉంటుంది. ఫోటోలు, వీడియోలు వద్దు. మనవళ్లు సరదాపడి ఫోనుల్లో పెడితే ఆ ఇంటి పరువు ఊరంతా తిరుగుతుంది. పాడుబడ్డ బంగళాల్లోకి రాత్రిపూట పోవద్దు. అక్కడ దెయ్యం మాట దేవుడెరుగు, పాములూ, కూలే కప్పులూ ఉంటాయి.

ముఖ్యంగా ఎగతాళి చేయకూడదు. వారి పూజ వారిది. మా కాంపౌండరుగారు నిత్యం లలితా సహస్రనామం చదివే మనిషి, మాస్టారు గుడి మెట్లెక్కని మనిషి. పదేళ్లుగా ఒకే బెంచీమీద కూర్చుంటున్నారు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా ఊగిపోయినప్పుడు నేను ఆఫీసులోనే ఉన్నాను. సగం సీట్లు ఖాళీ. చెంచా అంచున పాలు రాతికి తగలగానే ద్రవానికుండే తలతన్యత వల్ల జారిపోతాయని శాస్త్రజ్ఞులు రంగు కలిపిన పాలతో చూపించారు. చూపించడం మంచిదే. ఆ లైనులో నిలబడ్డ మా అమ్మలాంటివాళ్లను చూసి నవ్వితే ఏం సాధించినట్టు? శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. అదే వాక్యంలో మానవతావాదం అన్న మాట కూడా ఉంది. రెండూ కలిపి చదువుకోవాలి.

ఏడో పాఠం, తేలనివి. మా రిజిస్టరులో కొన్ని ఫైళ్లకు ఎదురుగా "తేలలేదు" అని ఉంది. తేలలేదు అంటే దెయ్యం అని అర్థం కాదు, మాకు అందిన సమాచారం చాలలేదని అర్థం. ఆడిట్‌లో వోచరు దొరక్కపోతే డబ్బు దెయ్యం ఎత్తుకుపోయిందని ఎవరూ రాయరు గదా. పెండింగ్ అని రాస్తారు. లేని కారణాన్ని అతికించి ఫైలు మూసేయడం కంటే పెండింగ్‌లో ఉంచడమే నిజాయితీ.

మిత్రులారా, మీ ఊళ్లలోనూ ఇటువంటిది మొదలుపెట్టమని కోరడానికే ఇంతసేపు మీ సమయం తీసుకున్నాను. దీనికి చదువు పెద్దగా అక్కర్లేదు, తీరిక కావాలి, ఓపిక కావాలి, ఊళ్లో నాలుగిళ్లు లోపలికి రానిచ్చే మర్యాద కావాలి. ఈ మూడూ పింఛనుతో పాటు మనకు సంక్రమించినవే. కరెంటు తెలిసినవాడు ఒకడు, జంతువులు తెలిసినవాడు ఒకడు, ఆరోగ్యం తెలిసిన ఆడమనిషి తప్పనిసరిగా ఒకరు, రాసేవాడు ఒకడు ఉంటే చాలు. దగ్గరలో నమ్మకమైన డాక్టరు ఫోను నంబరు, పోలీస్ స్టేషను నంబరు రిజిస్టరు మొదటి పేజీలో రాసుకోండి. ఎవరి మీదైనా చేతబడి నింద పడిందని తెలిస్తే మాత్రం ముగ్గుపిండి కోసం ఆగకండి, వెంటనే ఆ రెండో నంబరుకు ఫోను చేయండి.

ఇక ఇంటికి వెళ్లాక ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో మీకంటే పెద్దవాళ్లు ఉంటే, "ఈమధ్య ఏమైనా కనబడుతోందా, వినబడుతోందా?" అని నవ్వకుండా, గాభరా పడకుండా ఒకసారి అడగండి. పిల్లలూ, మీరు మమ్మల్ని అడగండి. చెప్పుకోలేక లోపల దాచుకున్నవాళ్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువమంది ఉన్నారు.

దెయ్యాలు ఉన్నాయా లేవా అని అధ్యక్షులవారు నన్ను వేదిక ఎక్కేముందు చెవిలో అడిగారు. పింఛను కావాలంటే మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. వారు కూడా ఏదో ఒక సర్టిఫికెట్ సమర్పిస్తే ఫైలు పుటప్ చేస్తాను. ఇంతవరకు తపాలులో రాలేదు.